అల్మారా అరబ్బీ మాటేనా?

అరబ్బీలో నామవాచకాల ముందు చేరే 'అల్' (ఇంగ్లీషు 'the' లాంటిది)తో మొదలైంది కాబట్టి అల్మారా మూలం అరబ్బీయే కదా అని అడిగారు. కాదండీ. మనకు అది పోర్చుగీసు 'అల్మారియు' నుంచి వచ్చింది. దాని అసలు రూపం 'అర్మారియు', ఇంకా వెనక్కి వెళ్తే లాటిన్ 'అర్మారియుమ్'. 'అర్మ' అంటే ఆయుధాలు, పనిముట్లు. అవి దాచుకునే చోటు అన్నమాట. ఒకే మాటలో రెండు రకారాలుంటే ఒకటి లకారమవడం ఆ భాషల్లో మామూలే.

అనుమానం వస్తే 'అల్' తీసేసి, మిగిలింది అరబ్బీ నిఘంటువులో వెతకండి. పోర్చుగీసు 'అల్గొదావుఁ' (పత్తి)లో 'ఖుత్న్' దొరుకుతుంది. అల్మారియులో ఏదీ దొరకదు. మధ్యాహ్న భోజనాన్ని చెప్పే పోర్చుగీసు 'అల్మోసు' కూడా ఇలాగే బోల్తా కొట్టిస్తుంది, అదీ లాటినే. అసలు తిరకాసు దీనికి ఎదురుగా ఉంది: స, ర లాంటి ధ్వనుల ముందు అరబ్బీ 'అల్'లోని లకారం వాటిలో కలిసిపోతుంది. అందుకే 'అసూకర్' (చక్కెర) అరబ్బీదే అయినా పైకి 'అల్' కనబడదు.