ఫౌండేషన్ కొనే ముందు మెడ చూసుకో

చిన్నీ,

నీ మెసేజ్ చదివాను. పెళ్లిరోజుకి ఫౌండేషన్ మామూలు కన్నా ఒక షేడ్ తెల్లది వేయించుకోమని అందరూ అంటున్నారు, వేయించుకోనా పిన్నీ అని అడిగావు. వద్దమ్మా. ఒకటి కాదు, అర షేడ్ కూడా వద్దు. ఇన్నేళ్లుగా పెళ్లికూతుళ్లని తయారుచేస్తున్న దాన్ని కాబట్టి గట్టిగా చెప్తున్నాను, అలా వేయించుకుంటే ఫోటోల్లో ముఖం ఒకరిది, మెడ ఇంకొకరిది అయిపోతుంది, ఆల్బమ్ వచ్చాక ఎంత ఎడిటింగ్ చేసినా అది పూర్తిగా సర్దుకోదు. ఫౌండేషన్ ఒంటి రంగులో కలిసిపోవాలి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో పక్కన కూర్చున్నవాళ్లకి కూడా తెలియకూడదు, దాని నుంచి నేను కోరేది అంతే.

నువ్వు కొన్న బాటిల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఎలా ఎంచుకోవాలో విను. షాపులో చేతి వెనకవైపు రాసి చూపిస్తారు, ఒప్పుకోకు. చేతి రంగుకీ ముఖం రంగుకీ చాలామందిలో పొంతనే ఉండదు, బండి నడిపే పిల్లవి నీకైతే అసలే ఉండదు. ముఖం కడుక్కుని, పౌడరూ క్రీమూ ఏమీ లేకుండా పగటిపూట వెళ్లు. చెవి కింద దవడ ఎముక దగ్గర మొదలుపెట్టి మెడ మీదకి దిగేలా మూడు గీతలు గీయించుకో, నీకు సరిపోతుందనిపించింది ఒకటి, దానికన్నా లేతది ఒకటి, ముదురుది ఒకటి. టెస్టర్ మూత నేరుగా ముఖానికి తగలనివ్వకు, శుభ్రమైన ఇయర్ బడ్ అడుగు. వేలితో పలచగా పామి వదిలెయ్, గట్టిగా రుద్దకు.

ఇక ఆ అద్దం ముందు నుంచి లేచి బయటికి వచ్చెయ్. అద్దం చుట్టూ పెట్టే లైట్లలో ఏ షేడైనా బాగానే కనిపిస్తుంది, అక్కడే తేల్చుకున్నవాళ్లు ఇంటికెళ్లాక బాధపడతారు. ఎండ నేరుగా పడని వెలుతురులో నిలబడి ఒకసారి చూసుకుని, ఒక పావుగంట అటూ ఇటూ తిరిగి మళ్లీ చూసుకో. ఈ పావుగంట చాలా ముఖ్యం, చాలామంది ఆగరు. చర్మంలోంచి వచ్చే జిడ్డు, గాలి తగిలేసరికి కొన్ని ఫౌండేషన్లు కాసేపటికి ముదిరిపోతాయి, లేదా నారింజ రంగుకి తిరుగుతాయి. ఆక్సిడైజ్ అయిందంటారు దాన్ని. నీలాంటి జిడ్డు చర్మం మీద ఇది ఇంకా ఎక్కువ. అందుకే టిష్యూ పేపరు మీద రాసి చూసుకున్నా ఉపయోగం లేదు, చర్మం మీద ఆరాలి. పావుగంట తర్వాత ఏ గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుందో అది నీ షేడ్. మూడూ కనిపిస్తుంటే ఏదీ కొనకుండా వచ్చెయ్, షాపులో అమ్మాయి ఏమనుకుంటుందో అని మొహమాటపడకు.

అండర్‌టోన్, అంటే చర్మం రంగు అడుగున కనిపించే ఛాయ గురించి అడిగావు కదా. మణికట్టు మీద నరాలు పచ్చగా ఉంటే వార్మ్, నీలంగా ఉంటే కూల్ అని వీడియోల్లో చెప్పేది మన చామనఛాయ వాళ్లకి సరిగ్గా పనిచేయదు, చాలామందికి రెండు రంగులూ కనిపిస్తాయి. నేను చేసేది సులువైన పని: ఒకే ముదురు స్థాయిలో పసుపు వైపుండేది, గులాబీ వైపుండేది, రెంటికీ మధ్యది పక్కపక్కనే దవడ మీద పెట్టి చూస్తాను. మనవాళ్లలో ఎక్కువమందికి పసుపు వైపుదో మధ్యదో కుదురుతుంది, కొంతమందికి లోపల కాస్త పచ్చదనం ఉంటుంది, అది ఆలివ్. బాటిల్ మీద డబ్ల్యూ ఉంటే వార్మ్, సీ ఉంటే కూల్, ఎన్ ఉంటే న్యూట్రల్ అనేది చాలా కంపెనీల పద్ధతి, కానీ మ్యాక్ అనే మేకప్ బ్రాండులో మాత్రం ఎన్‌సీ అనేది పసుపు ఛాయ చర్మానికి, ఎన్‌డబ్ల్యూ గులాబీ ఛాయకి. అక్షరం చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తే ఇక్కడే దెబ్బతింటారు.

నీ బాటిల్‌తో ముఖం బూడిద రంగులో పాలిపోయినట్టు ఎందుకొస్తోందో ఇప్పుడు నీకే అర్థమై ఉంటుంది. ఫౌండేషన్‌లో రంగుకి వేసేవి ప్రధానంగా తెల్లటి టైటానియం డయాక్సైడ్, ఎరుపు పసుపు నలుపు ఐరన్ ఆక్సైడ్లు. షేడ్ లేతగా ఉన్నకొద్దీ తెలుపు పాలు ఎక్కువ. అది గోధుమరంగు చర్మం మీద పడితే తెల్లదనం రాదు, జీవం లేని బూడిద రంగే వస్తుంది. నీది లేతదీ, పైగా గులాబీ వైపుదీ. పారెయ్యకు, ఇదే బ్రాండులో ఇదే రకంలో రెండు మూడు షేడ్లు ముదురుగా ఉండే పసుపు ఛాయది చిన్న సైజు తీసుకుంటే, చలికాలంలో రంగు తేరినప్పుడు ఇది రెండు చుక్కలు అందులో కలుపుకోవచ్చు. మన రంగుకి షేడ్లు దొరకవు అనే మాట ఒకప్పుడు నిజమే, అప్పట్లో రెండు మూడు కలిపితే గానీ పని జరిగేది కాదు. 2017లో ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 షేడ్లతో వచ్చాక మిగతా కంపెనీలు కూడా ముదురు రంగులు పెంచుతూ వచ్చాయి. ఇప్పుడు ఉన్నదాంతో సరిపెట్టుకోవాల్సిన అవసరం నీకు లేదు.

ముఖం, మెడ వేరే వేరే రంగుల్లో ఉంటే దేనికి మ్యాచ్ చేయాలి అన్నావు. ముఖమంతా ఒకే రంగు ఎవరికీ ఉండదు. నుదురు, చెంపల అంచులు ఎండకి ముదురుతాయి, మూతి చుట్టూ నల్లగా ఉంటుంది, బుగ్గలు తేటగా ఉంటాయి. గడ్డం కింద ఎండ తగలదు కాబట్టి అక్కడ చాలామందికి లేతగా ఉంటుంది, దాన్ని చూసి షేడ్ తీసుకుంటే మోసపోతావు. మెడ ముందుభాగం, దాని కింద జాకెట్టు మెడ దాకా కనిపించే ఛాతీ పైభాగం చూడు, ముఖం వాటిలో కలవాలి. ఎండకి ముఖం మరీ కమిలి ఉంటే రెంటికీ మధ్య షేడ్ తీసుకుని దవడ కిందకి పలచగా దింపాలి. మూతి చుట్టూ నలుపు, మంగు మచ్చలు, కళ్ల కింద చారలు కప్పడానికి లేత ఫౌండేషన్ దట్టంగా వేస్తే అవి బూడిద రంగులో ఇంకా తేలి కనిపిస్తాయి. అక్కడ ముందు నలుపుని తగ్గించి చూపే నారింజ రంగు క్రీము, కరెక్టర్ అంటారు, చాలా కొంచెం అద్ది, దానిపైన నీ షేడే వేయాలి.

మెడ వెనక మడతల్లో నల్లగా ఉందని సిగ్గుపడుతూ రాశావు. అది సరిగ్గా స్నానం చేయకపోవడం వల్ల వచ్చేది కాదురా, ఎవరు ఏమన్నా నమ్మకు. ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా మందంగా తగులుతోందా చూడు. అలా ఉంటే అకాంథోసిస్ నైగ్రికాన్స్ కావచ్చు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నప్పుడు, బరువు పెరిగినప్పుడు వస్తుంది. నెలసరి కూడా సరిగ్గా రావట్లేదన్నావు కాబట్టి మేకప్ సంగతి పక్కనపెట్టి ముందు చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లు, షుగర్ పరీక్ష రాస్తే చేయించుకో. నిమ్మచెక్క, వంటసోడా పెట్టి రుద్దకు, చర్మం రేగి ఇంకా నల్లబడుతుంది. తెల్లబడతావని ఎవరో ఇచ్చే పేరులేని క్రీములు అసలు ముట్టుకోకు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే మొదట్లో మెరుపు కనిపిస్తుంది, ఆ తర్వాత మొటిమలు, ఎర్రదనం, పలచబడిన చర్మం మిగులుతాయి. పెళ్లి ముందు ఇలాంటివి వాడి ఏడ్చిన పిల్లల్ని చూశాను, నువ్వు అందులో ఉండకూడదు.

ఇక పెళ్లిరోజు. మేకప్ ట్రయల్ నలుగుకి ముందే పెట్టుకో, పసుపు రాశాక చర్మం అసలు రంగులో ఉండదు, పూర్తిగా దిగడానికి ఒకటి రెండు రోజులైనా పడుతుంది. నలుగు పెట్టేటప్పుడు ముఖానికి పసుపు తక్కువ రాయమని అక్కతో నేను చెప్తాను. ట్రయల్‌కి వెళ్లేటప్పుడు పెళ్లి జాకెట్టు మెడ ఎంత లోతో అంత లోతున్నదే వేసుకో. మేకప్ అయ్యాక గదిలో లైట్లు ఆపించి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీయించుకో. సన్‌స్క్రీన్ ఉన్న ఫౌండేషన్, సిలికా ఉన్న పౌడర్ దట్టంగా వేస్తే కొన్నిసార్లు ఫ్లాష్‌కి ముఖం తెల్లగా వెలిగిపోతుంది, నీ ముహూర్తం రాత్రిది కాబట్టి ఇది ముందే తేలాలి.

మెడకి ముఖమంత మందంగా వేయించుకోకు. స్పాంజికి మిగిలినది దవడ నుంచి కిందకి దించి, పౌడర్ అద్ది ఆరనిస్తే చాలు, లేకపోతే హారాలు రాసుకుని చారలు పడతాయి, పట్టు జాకెట్టు అంచుకి అంటుకుంటుంది. చెవులు మర్చిపోతారు, గుర్తు చెయ్. ముఖ్యంగా మెడ వెనక భాగం. మంగళసూత్రం కట్టేటప్పుడు వెనక ఎవరో ఒకరు జడ ఎత్తి పట్టుకుంటారు, అబ్బాయి మూడు ముళ్లు వేస్తుంటాడు, కెమెరాలన్నీ సరిగ్గా ఆ వేళ్ల దగ్గరికే వస్తాయి. మేకప్ దవడ దగ్గరే ఆగిపోతే ఆ ఒక్క ఫోటోలోనే గీత గీసినట్టు తెలిసిపోతుంది. జడ కుట్టే ముందే అక్కడ కూడా పలచగా అద్దమని మేకప్ చేసే అమ్మాయికి చెప్పు, అందరూ చెప్పరు కాబట్టి తను అక్కడ వేయకపోవచ్చు.

ఇంకాస్త తెల్లగా వెయ్యమ్మా అని ఎవరో ఒకరు గదిలోకి వచ్చి అంటారు, అనకుండా ఉండరు. నీ తరఫున నేను అక్కడే కూర్చుంటాను, సమాధానం నేను చెప్తాను, నువ్వు కదలకుండా కాటుక పెట్టించుకో. నీ రంగు ఎంత బాగుంటుందో నీకు తెలియదు, ఎర్రంచు మధుపర్కం చీరకి ఆ చామనఛాయ ఎంత నిండుగా ఉంటుందో నేను చాలామంది మీద చూశాను, దాన్ని కప్పేయడానికి నా ప్రాణం ఒప్పుకోదు.

ఈ వారంలో షాపుకి వెళ్లు. గీతలు ఆరాక కిటికీ పక్కన నిలబడి, ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆపేసి, దవడ నుంచి ఛాతీ పైభాగం దాకా కనిపించేలా ఫోటో పంపు, ఏ గీత ఏ నంబరో రాయి. చూసి చెప్పేదాకా బిల్లు వేయించకు.

పిన్ని