వేలంలో గెలిచాను... ఏడుపొక్కటే తక్కువ

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కెమెరాల గురించి అడిగినవాళ్ల కంటే, వాటికి ఎక్కువ పోసేశామని ఏడ్చినవాళ్లే ఎక్కువ. అందుకే ఫ్లాష్ గురించి అడిగినవాళ్లు ఒక నెల ఆగాలి, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: గురువుగారూ, నేను బ్యాంకులో పనిచేస్తాను. ఆదివారం వస్తే కెమెరా తగిలించుకుని రుషికొండ, భీమిలి వైపు పోవడం అలవాటు. నికాన్ 85 ఎంఎం 1.8 లెన్సు సెకండ్ హ్యాండ్‌ది ఆన్‌లైన్ వేలంలో కనిపిస్తే ఇరవై వేలు దాటకూడదనుకుని దిగాను. చివరి పది నిమిషాల్లో ఇంకొకతను తగులుకున్నాడు. అతను ఐదొందలు, నేను ఐదొందలు, అలా అలా పోయి 29,500 దగ్గర నాకు వచ్చింది. గెలిచానని చూపించగానే సోఫాలోంచి లేచి గెంతాను, నిజం. మర్నాడు జగదాంబ దగ్గర ఒక షాపులో అదే లెన్సు, నెల రోజుల గ్యారంటీతో, 22 వేలకి ఉంది. మా ఆవిడ "ఇంకాస్త వేస్తే కొత్తదే వచ్చేదిగా" అంది. రోజంతా లెక్కలు చూసే మనిషిని, నాకేమైందండీ?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: మీకొక్కరికే ఏమీ కాలేదు. మన భాషలో ఈ జబ్బుకి ఎప్పట్నుంచో పేరుంది, వేలంవెర్రి. ఆ మాట పుట్టించినవాళ్లెవరో గానీ వాళ్లూ ఏదో ఒక పాటలో చేతులు కాల్చుకునే ఉంటారని నా అనుమానం.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట 'గెలిచాను' అన్నది. జగదాంబలో 22 వేలిచ్చి లెన్సు తెచ్చుకున్నవాడు ఇంటికొచ్చి 'కొన్నాను' అంటాడు, సోఫాలోంచి గెంతడు. మీ వేలంలో పది నిమిషాల ముందు వరకూ మీకు కావలసింది లెన్సు, ఆ తర్వాత అవతలివాడు ఓడిపోవడం. ఆ రెండో సరుకుకి మీరు కట్టింది ఎంతో లెక్క కూడా మీరే చెప్పారు, షాపు ధరతో తేడా 7,500.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఉల్రిక మాల్మెండియర్, యంగ్ హాన్ లీ అని ఇద్దరు పరిశోధకులు 2011లో ఒక వ్యాసం ప్రచురించారు. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్లో ఒక బోర్డు గేమ్ వేలానికి వచ్చేది, అదే గేమ్ అదే సైట్లో అదే సమయంలో స్థిర ధరకి కూడా దొరికేది, ఇది నొక్కితే చాలు మీ ఇంటికొస్తుంది అన్నట్టు. అయినా 42 శాతం వేలాలు ఆ స్థిర ధర దాటిపోయాయి. ఒక్క గేమేనేమో అని రకరకాల వస్తువుల మీద చూస్తే 48 శాతం. నాకు మాత్రం ఆ వ్యాసంలో నచ్చిన అంకె ఇంకొకటి. అలా ఎక్కువ పాడినవాళ్లు మొత్తం పాడినవాళ్లలో 17 శాతమే. పెళ్లిలో గొడవ జరగడానికి అందరూ తాగి ఉండక్కర్లేదు కదా, ఇద్దరు చాలు. షాపువాడు ముందొచ్చినవాడికి అమ్ముతాడు, వేలం మాత్రం వచ్చినవాళ్లందరిలో ఎవడికి మోజు ముదిరిందో వెతికి మరీ వాడికే అంటగడుతుంది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది, పాత సరుకు కాబట్టి మనకి ఇది మరీ ఎక్కువ వర్తిస్తుంది. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ అనే ఆయిల్ కంపెనీలో పనిచేసే ముగ్గురు ఇంజనీర్లు, కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్, ఒక సంగతి రాశారు. సముద్రం అడుగున ఒక బ్లాకులో ఎంత నూనె ఉందో ఎవరికీ కచ్చితంగా తెలియదు, తలా ఒక అంచనా వేసుకుని పాట పాడతారు, పాట ఎవరికి దక్కుతుంది? అందరికంటే ఎక్కువ అంచనా వేసినవాడికి, అంటే చాలాసార్లు అందరికంటే ఎక్కువ పొరబడినవాడికి. దీన్నే విన్నర్స్ కర్స్, అంటే గెలిచినవాడి శాపం అంటారు. 1983లో బేజర్‌మన్, శామ్యూల్సన్ అనే పరిశోధకులు ఇదే సంగతిని క్లాసులో చూపించారు. ఎనిమిది డాలర్ల విలువైన చిల్లర నాణేలు సీసాలో పోసి విద్యార్థుల చేత పాట పాడించారు. విద్యార్థుల అంచనాల సగటు ఐదు డాలర్ల పైన కాస్త, అంటే మొత్తం మీద తక్కువే అనుకున్నారు. గెలిచిన పాటల సగటు మాత్రం పది డాలర్లు దాటింది. జాగ్రత్తపరులే ఎక్కువమంది ఉన్నా సీసా మాత్రం జాగ్రత్త లేనివాడి ఇంటికే పోయింది. పాత లెన్సు కూడా అలాంటి సీసానే. లోపల ఫంగస్, అంటే బూజు, ఉందా, ఆటోఫోకస్ మోటార్ కూస్తోందా, ఎప్పుడైనా కింద పడిందా, ఇవేవీ ఆరు ఫోటోల్లో కనిపించవు. 'ఏమీ ఉండదులే' అని గట్టిగా నమ్మినవాడే ఎక్కువ పాడతాడు.

ఒక రోజు తెల్లవారుజామున మన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చూడండి. అక్కడ జరిగేదీ పాటే, అరుపులూ తోపులాటా మీ ఫోను వేలం కంటే ఎక్కువే. కానీ కోనాం మొప్ప ఎత్తి చూడకుండా, వేలితో నొక్కకుండా ఎవరూ నోరు విప్పరు. చెయ్యి దాటిపోతే ఊరుకుంటారు కూడా. ఎందుకంటే కాసేపట్లో ఇంకో బోటు వస్తుంది, రేపు మళ్లీ పాట ఉంటుంది, మధ్యాహ్నానికి ఆ చేప ఎంతకి అమ్ముడవుతుందో వాళ్లకి తెలుసు. మీరు ఇవేవీ పట్టించుకోలేదు. చూడలేదు, నొక్కలేదు, పైగా 'ఇలాంటిది మళ్లీ రాదు' అనిపించింది. 85 ఎంఎం 1.8 మళ్లీ రాకపోవడమేంటండీ, ఈ వారమే ఇంకో నాలుగు వస్తాయి!

ఇక ఆ ఐదొందల సంగతి. మొదట్లోనే ఎవరైనా "29,500 ఇస్తావా" అంటే నవ్వి వెళ్లిపోయేవారు. "ఇంకో ఐదొందలేగా" అని పదేపదే అడిగితే ప్రతిసారీ సరేనన్నారు. దానికి తోడు అంతకుముందు రోజంతా పైన మీ పేరే ఉండి ఉంటుంది, లెన్సు అప్పుడే మీ మనసులో బ్యాగులోకి చేరిపోయి ఉంటుంది, ఆఖర్న ఎవడో వచ్చి పాడితే మీ వస్తువు ఎత్తుకుపోతున్నట్టే ఉంటుంది.

మీకు చెబుతున్నాను గానీ నేనేం తక్కువ తినలేదు. కొన్నేళ్ల కిందట ఒక 180 ఎంఎం పాత మాన్యువల్ లెన్సు కోసం విదేశీ వేలంలో రాత్రి ఒంటి గంట దాకా మేలుకుని పాడాను. అవతలివాడి పేరు చివర 77 అని ఉండేది, ఇప్పటికీ ఆ అంకె చూస్తే ఒళ్లు మండుతుంది. గెలిచాను. షిప్పింగు, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ వాళ్ల క్లియరెన్స్ చార్జి అన్నీ కలిసి నేను పాడిన ధరకి దాదాపు సగం మళ్లీ కట్టించాయి. పెట్టె విప్పి టార్చ్ వేస్తే లోపల సాలెగూడులా ఫంగస్. అమ్మినవాడు అబద్ధమాడలేదు, 'వయసుకి తగ్గట్టు ఉంది' అని రాశాడంతే, చదివే ఓపిక నాకే లేకపోయింది.

అప్పట్నుంచి నేను చేసేది ఒకటే, పాట మొదలవకముందే అంకె కాగితం మీద రాసేస్తాను. ఆ అంకె ఎలా వేయాలంటే, జనం అడుగుతున్న ధరలు చూడకండి, అడగడానికేం, ఎంతైనా అడుగుతారు. అమ్ముడైపోయిన వాటి ధరలు వెతికి చూడండి. అందులోంచి సర్వీసింగుకి కొంత, చూడకుండా కొంటున్నందుకు కొంత, బయటి దేశానిదైతే ఇందాక చెప్పిన సుంకాలన్నీ తీసెయ్యండి. మిగిలిందే మీ పాట. షాపులో గ్యారంటీతో 22 వేలకి దొరికే లెన్సుని చూడకుండా కొంటే నేనైతే 17 వేలు దాటను, ఆ తర్వాత ఎవరు పట్టుకుపోయినా వాళ్ల ఇష్టం.

ఇంకో అనుమానం కూడా చెప్పాలి. మీతో చివరిదాకా పోటీపడిన మనిషి నిజంగా కొనేవాడేనా? అమ్మేవాడే ఇంకో ఖాతాతోనో, స్నేహితుడి చేతో పాట పెంచించడం పాత విద్య, ఊళ్లో గొర్రెల సంతలోనూ ఉంది. ఖాతా కొత్తదై, ఆ ఒక్క అమ్మకందారు వస్తువుల మీదే పాడుతూ, ఎప్పుడూ రెండో స్థానంలోనే మిగిలిపోతుంటే అనుమానించాల్సిందే. మీరు ఓడిపోయిన మర్నాడే "గెలిచినాయన వద్దన్నాడు, మీ ధరకే ఇస్తాను" అని మెసేజి వస్తే మరీనూ. నిజంగానే వద్దనే వాళ్లూ ఉంటారనుకోండి, అయినా ఆ మెసేజికి వెంటనే సరే అనకండి.

ఇప్పుడా లెన్సుని ఏం చేయాలంటారా, వాడుకోండి. మంచి లెన్సే. మళ్లీ వేలంలో పెట్టి డబ్బులు రాబట్టుకుందామని మాత్రం చూడకండి, రెండోసారి మీలాంటివారు దొరకాలి కదా.

ప్రశ్న: సార్, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. వేలంలో రెండు రోజులుగా నేనే ముందున్నాను, చివరి నాలుగు సెకన్లలో ఒకడు వచ్చి పట్టుకుపోయాడు. ఇది మోసం కాదా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మోసం కాదమ్మా, కోపం వస్తుంది నిజమే. దీన్ని స్నైపింగ్ అంటారు. ఈబే లాంటి చోట ముగింపు సమయం గడియారం ప్రకారం ఖాయం, ఆ తర్వాత ఎవరూ పాడలేరు. 2002లో ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఆకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలించారు. ఆ రోజుల్లో అమెజాన్ కూడా వేలాలు నడిపేది, అక్కడ చివర్లో ఎవరైనా పాడితే పది నిమిషాలు పొడిగించేవారు. చివరి నిమిషపు పాటలు ఈబేలోనే బాగా ఎక్కువని తేలింది. జనం స్వభావం ఒకటే, గడియారం తేడా.

నువ్వు చేసిన పొరపాటు వేరే చోట ఉంది. రెండు రోజులు ముందున్నానంటున్నావు, అంటే కొంచెం కొంచెంగా పాడుతూ కాపలా కాశావన్నమాట. అక్కడ నీ గరిష్ఠ ధర ఒకేసారి ఇచ్చేస్తే సైటే నీ తరఫున పాడుతుంది, రెండోవాడి కంటే ఒక మెట్టు పైన మాత్రమే. పదివేలు అని ఇచ్చినా రెండోవాడు ఆరువేల దగ్గర ఆగితే నువ్వు కట్టేది ఆరువేల పైన కాస్తే. 1961లో విలియం విక్రీ అనే ఆర్థికవేత్త రాసిన వేలం సూత్రానికి ఇది దగ్గరి చుట్టం, ఆయనకి 1996లో నోబెల్ వచ్చింది. నీ అసలు ధర నిజాయితీగా ఇచ్చి ఉంటే ఆ నాలుగు సెకన్లవాడు అంతకంటే ఎక్కువ కట్టాల్సి వచ్చేది. అంత కట్టి తీసుకుపోతే పోనీ, నీకు అంత విలువ లేదని నువ్వే చెప్పావుగా. కావాలంటే నువ్వూ చివర్లోనే పాడు, ముందు నుంచీ పాడితే ఎదుటివాళ్లకి పంతం పెరుగుతుంది. పరీక్షల ముందు రాత్రి మాత్రం వద్దు.

ప్రశ్న: మా నాన్నగారి ఆగ్ఫా క్లిక్-3 కెమెరా బీరువాలో ఉంది. పాత కెమెరాలు కోట్లకి పోతున్నాయని విన్నాను. వేలంలో పెడితే ఎంత రావచ్చు?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: కోట్లకి పోయింది నిజమే. 2022 జూన్‌లో జర్మనీలోని వెట్జ్‌లార్‌లో ఒక లైకా 1.44 కోట్ల యూరోలకి పోయింది. అది 1923 నాటి ప్రయోగాత్మక లైకాల్లో 105వ నంబరు, లైకాని రూపొందించిన ఆస్కర్ బర్నాక్ సొంతంగా వాడుకున్నది. మీ క్లిక్-3 మన దేశంలో మధ్యతరగతి ఇళ్లలో తిరిగిన కెమెరా, 120 రీలు వేస్తే పన్నెండు ఫోటోలు. ఇప్పటికీ చాలా బీరువాల్లో ఉంది. దానికి వచ్చేది మీరు అనుకుంటున్నదాని పక్కన సున్నాలు చాలా తీసేశాక మిగిలేది.

అది మీకు తక్కువగా అనిపిస్తుందని తెలుసు. 1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు కొందరు విద్యార్థులకి కాఫీ మగ్గులు ఇచ్చి, ఇవ్వనివాళ్లకి అమ్మమంటే, చేతిలో మగ్గు ఉన్నవాళ్లు అడిగిన ధర కొనేవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు. కాసేపటి కిందట చేతికొచ్చిన మగ్గుకే అంత మమకారం ఉంటే, నాన్నగారు మీ అక్షరాభ్యాసం ఫోటో తీసిన కెమెరాకి ఎంత ఉండాలి? 120 రీలు ఇంకా దొరుకుతోంది. ఒకటి వేసి చూడండి ముందు.

ప్రశ్న: 'ఫంగస్ కొంచెమే, ఫోటోల్లో కనిపించదు' అని రాసిన లెన్సు చవగ్గా పాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: ఎక్కడో ఎండు ఊళ్లో ఉండేవారైతే ఆలోచించండి అనేవాణ్ని. మన దగ్గర గాలిలోనే నీళ్లు. హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఈ ఊళ్లో ఎన్ని మంచి లెన్సులు పాడయ్యాయో రిపేరువాళ్లని అడగండి. కొంచెం ఉన్నది కొంచెంగా ఉండదు, అద్దం మీది కోటింగుని తినేశాక తుడిచినా మచ్చ పోదు. విప్పి శుభ్రం చేయించే ఖర్చు ముందు కనుక్కుని, పాటలోంచి తీసేసి, అప్పటికీ చవకనిపిస్తే పాడండి. వచ్చాక సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో, లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. బాగు చేయించేదాకా మీ మిగతా లెన్సుల పక్కన మాత్రం పెట్టకండి.