ఊరిని చూపించే ఉత్సవాలు

ప్రశ్న: ఉద్యోగరీత్యా తిరుపతికి వచ్చి ఏడాదయింది. కొండకు వెళ్లి రావడమే తప్ప ఊరి చరిత్ర, కట్టడాలు తెలియవు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉత్సవాలతో మొదలుపెట్టండి. 1130లో రామానుజులు ప్రతిష్ఠించారని చెప్పే గోవిందరాజస్వామి ఆలయానికి వైశాఖ బ్రహ్మోత్సవాల్లో వెళ్లి, వాహనసేవ వెంట మాడవీధులు తిరిగితే, ఆ ఆలయం చుట్టూ ఊరు ఎలా అల్లుకుందో కాళ్లకే తెలుస్తుంది. మట్లి అనంతరాజు కట్టించిన ఏడంతస్తుల గోపురాన్ని అందరూ తలెత్తి చూస్తారు కానీ, దాని కింది దారిలో ఒక్క నిమిషం ఆగితే, గోడపై ఆ రాజు తన ముగ్గురు రాణులతో కలిసి శిల్పమై కనిపిస్తాడు.

మేలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరను మాత్రం వదులుకోవద్దు; బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలు పాత వీధుల్లో ఇల్లిల్లూ తిరుగుతాయి, ఆ ఇరుకు సందులను చూడటానికి అంతకన్న మంచి సందర్భం లేదు.

చంద్రగిరి కోటకు జనం తక్కువగా ఉండే రోజున వెళ్లండి. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తులు లేపిన రాజమహల్‌ను చూడటానికి తీరిక కావాలి.