ఆసుపత్రి డేటా మన చేతికి రావాలంటే

చిరంజీవి అమ్మలుకు, పెదనాన్న ఆశీస్సులు.

మీ ఆసుపత్రి సిస్టమ్స్‌ను విదేశీ క్లౌడ్ నుంచి, అంటే విదేశీ కంపెనీ అద్దె సర్వర్ల నుంచి, బయటికి తెచ్చే పని నీకు అప్పగించారని నాన్న చెప్పాడు. ఆరు నెలల్లో అంతా అయిపోతుందని మాత్రం పైవాళ్లకు మాటివ్వకు.

"డేటా సెంటర్ హైదరాబాద్‌లోనే ఉందిగా, ఇంకేం భయం" అనేవాళ్లు మీ మీటింగుల్లోనూ ఉంటారు. అమెజాన్ 2022 నవంబరులో ఇక్కడ రీజియన్, అంటే తన క్లౌడ్ డేటా సెంటర్ల సముదాయం, తెరిచిన మాట నిజమే. కానీ 2018 నాటి అమెరికా క్లౌడ్ యాక్ట్ ప్రకారం, వాళ్ల కంపెనీ అధీనంలోని డేటా ఏ దేశంలో దాచినా సరే, అమెరికా వారెంటు వస్తే ఇవ్వాల్సిందే. ఇక సేవలే ఆగిపోతే? 2025 జూలైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టాక, గుజరాత్‌లో రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిపేసింది. వాళ్లు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాకే తిరిగొచ్చాయి. ఐసీయూకి అన్ని రోజుల వ్యవధి ఉండదమ్మా.

అందుకే సర్వర్ల జోలికి తర్వాత పోవచ్చు, ముందు బ్యాకప్ చూడు. క్లౌడ్ స్నాప్‌షాట్‌ను, అంటే ఆ క్లౌడే తీసిపెట్టే డిస్క్ నకలును, బ్యాకప్ అనుకుంటారు చాలామంది. అది ఆ క్లౌడ్‌లోనే తెరుచుకుంటుంది, వేరేచోట పనికిరాదు. మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ నుంచి మామూలు డంప్ (మొత్తం డేటాను ఫైలుగా) తీసి, ఊళ్లోనే వేరే డేటా సెంటర్‌లో ఓ లైనక్స్ మెషీన్ మీద రిస్టోర్ చేయించు, అంటే ఆ డంప్ నుంచి డేటాబేస్‌ను మళ్లీ నిలబెట్టించు. డంప్‌కు తాళం వేసిన ఎన్‌క్రిప్షన్ కీ ఆ క్లౌడ్‌లోనే ఉంటే డంప్ ఉన్నా లేనట్టే, కాబట్టి కీ కాపీ మీ దగ్గర ఉండాలి. తర్వాత ఒక డాక్టర్ని కూర్చోబెట్టి, పాత పేషెంట్ రిపోర్టు, స్కాన్ తెరిపించు. ఆయన చదవగలిగితేనే బ్యాకప్ ఉన్నట్టు లెక్క.

డొమైన్ (మీ వెబ్‌సైట్ పేరు) ఖాతాకు రికవరీ ఈమెయిల్ ఏదిచ్చారో కూడా చూడు. అదే క్లౌడ్ మెయిలైతే, మెయిల్ ఆగిన రోజు డొమైన్‌ను కూడా కదిలించలేరు. ఉద్యోగుల లాగిన్లన్నీ ఆ క్లౌడ్ ఖాతా ఒక్కదాని మీదే నడుస్తుంటే, లాగిన్లు చూసుకునే కీక్లోక్ లాంటి సాఫ్ట్‌వేర్ సొంతంగా పెట్టుకోవడం మంచిది. కొత్తగా రాసే ప్రోగ్రాముల్లో మాత్రం ఆ క్లౌడ్‌కే ప్రత్యేకమైన డేటాబేస్ వాడనివ్వకు, బయటపడటం అక్కడే కష్టమవుతుంది.

అన్నీ తేవాలని పంతం వద్దు. వెబ్‌సైట్ బొమ్మలు ఎక్కడున్నా నష్టం లేదు. డేటా బయటికి తీసేటప్పుడు పడే చార్జీలను బడ్జెట్‌లో రాయించు. రాత్రి డ్యూటీకి లైనక్స్ బాగా తెలిసిన ఇద్దర్ని తీసుకోవాలని గట్టిగా అడుగు. మనుషుల్లేకుండా సొంత సర్వర్లు పెట్టుకుంటే క్లౌడ్‌లో ఉన్నదానికన్నా ప్రమాదం.

ఈ ఆదివారం ఓపీ ఉండదు కదా, రిస్టోర్ మొదలుపెట్టు. ఎన్ని గంటలు పట్టిందో ఫోన్ చేసి చెప్పు.

మీ పెదనాన్న