సర్వర్ చిప్ అమ్మకాలకు ఆపరేటింగ్ సిస్టమ్‌తో సంబంధం ఏమిటి?

చిప్ ఎంత వేగంగా ఉన్నా, కంపెనీ వాడే ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్, లినక్స్ లాంటి మూల సాఫ్ట్‌వేర్) దాని మీద నడవకపోతే ఆ సర్వర్‌ను ఎవరూ కొనరు. ఇంటెల్ ఇటానియం కథ చూస్తే ఇది తెలిసిపోతుంది.

2001లో వచ్చిన ఇటానియం 64 బిట్ చిప్, అంటే పాత 32 బిట్ వాటికన్నా చాలా ఎక్కువ మెమరీ వాడగలది. మామూలు పీసీ చిప్‌ల (ఎక్స్86) కోసం రాసిన పాత ప్రోగ్రాములు దాని మీద నత్తనడక నడిచేవి. ఇంటెల్ పోటీదారు ఏఎండీ 2003 ఏప్రిల్‌లో తెచ్చిన ఆప్టెరాన్ చిప్‌లో అయితే పాతవీ కొత్తవీ రెండూ బాగా నడిచాయి. అసలు సంగతి ఏమిటంటే, చిప్ చేతికి రాకముందే లినక్స్ కంపెనీ సూసే ఇంజినీర్లు సిమ్యులేటర్ (చిప్‌ను అనుకరించే ప్రోగ్రాం) మీద లినక్స్‌ను దానికి సిద్ధం చేసి పెట్టారు. విండోస్ సర్వర్ 64 బిట్ ఎడిషన్ కోసం మాత్రం 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే మొదటి రెండేళ్లూ ఆప్టెరాన్ 64 బిట్ సత్తాను లినక్స్ వాళ్లే ఎక్కువగా వాడుకున్నారు. 2004లో ఇంటెల్ కూడా తన సర్వర్ చిప్ జియాన్‌లో ఏఎండీ పద్ధతే పెట్టక తప్పలేదు. ఇప్పటికీ ఇంటెల్ మెషిన్ కోసం ఉబుంటు అనే లినక్స్‌ను డౌన్‌లోడ్ చేస్తే ఫైల్ పేరులో ‘ఏఎండీ64’ అనే ఉంటుంది, గమనించారా?

ఇటానియంకు ఎదురుదెబ్బలు వరసగా తగిలాయి. లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ 2009లో, మైక్రోసాఫ్ట్ 2010లో ఇకపై దానికి కొత్త వెర్షన్లు ఇవ్వబోమన్నాయి. 2011లో ఒరాకిల్ డేటాబేస్ వాళ్లూ అదే మాట అన్నారు. చివరికి ప్రధానంగా హెచ్‌పీ సొంత యూనిక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమే దిక్కయింది. 2021లో ఇంటెల్ సరఫరా ఆపేసింది.

ఆర్మ్ (ఫోన్లలో వాడే రకం) సర్వర్ చిప్‌లకు, ఉదాహరణకు 2018లో వచ్చిన అమెజాన్ గ్రావిటాన్‌కు, ఈ చిక్కు తక్కువ. క్లౌడ్‌లో చాలా పని అప్పటికే లినక్స్ మీదికి వచ్చేసింది మరి.