మాస్టడాన్‌లో తెలుగుకు యూజర్ స్క్రిప్టు: మొదటి పది పోస్టులకే ఎందుకు పనిచేస్తోంది?

మీ ప్రశ్న ఇదీ: ఉండేది బెంగళూరు, మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో మీ టైమ్‌లైన్‌లో తెలుగు, కన్నడ, ఇంగ్లిషు కలగలిసి వస్తాయి. తెలుగు ఒక్కటే పెద్దగా కనబడాలని వయొలెంట్‌మంకీలో (సైట్ల మీద మన స్క్రిప్టులు నడిపే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్) స్క్రిప్టు రాసుకున్నారు. పేజీ తెరవగానే బాగుంది, కిందికి జరిపితే మళ్లీ మామూలే.

స్క్రిప్టు ఒకసారి నడిచి ఊరుకుంటోంది, పేజీ ఊరుకోవడం లేదు. తెర దాటి దూరం పోయిన పోస్టు లోపలి సరుకంతా మాస్టడాన్ తీసేసి, ఎత్తు మాత్రం ఉంచుతుంది. మీరు వెనక్కి వస్తే కొత్తగా కడుతుంది. ఇది తెలుగు పోస్టు అని మీ స్క్రిప్టు పెట్టిన గుర్తు పాతదానితోనే పోయింది. అందుకే పేజీలో మార్పు రాగానే స్క్రిప్టుకు చెప్పే మ్యూటేషన్ అబ్జర్వర్ కావాలి. దాని ఆప్షన్లలో చైల్డ్‌లిస్ట్, సబ్‌ట్రీ రెండే ఆన్ చేయండి. యాట్రిబ్యూట్స్ కూడా ఆన్ చేశారో, మీ గుర్తును చూసి అదే మళ్లీ లేస్తుంది, ట్యాబ్ బిగుసుకుపోతుంది. గుర్తుగా క్లాసు వద్దు, మాస్టడాన్ పేజీని కట్టే రియాక్ట్ లైబ్రరీ దాన్ని ఎప్పుడైనా తుడిచేయగలదు. డేటా యాట్రిబ్యూట్ జోలికి అది రాదు. పోస్టులో రాసిన మాటలను మాత్రం మార్చకండి.

ఇక తెలుగని తెలిసేదెలా? చాలా పోస్టులకు భాష చెప్పే లాంగ్ యాట్రిబ్యూట్ ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకుంటే సగం పోస్టులు జారిపోతాయి. మనవాళ్లు చక్కగా తెలుగులో రాసి, భాష మాత్రం ఇంగ్లిషని వదిలేస్తారు. రాసే పెట్టె దగ్గరే భాష మార్చే బటన్ ఉంది, ఒక్క నొక్కు! సరే, కోడ్ పాయింట్లు, అంటే ఒక్కో అక్షరానికీ గుర్తుకూ యూనికోడ్ ఇచ్చిన నంబర్లు, చూసి లెక్కపెట్టుకోవడమే దారి. యూనికోడ్‌లో తెలుగు 3072 నుంచి 3199 వరకు. 3071తో తమిళం అయిపోతుంది, 3200తో కన్నడ మొదలవుతుంది. అక్కడా మనకు అటు చెన్నై, ఇటు బెంగళూరు. హద్దు దగ్గర నిర్లక్ష్యం చేస్తే కన్నడ పోస్టులూ ఉబ్బుతాయి. ఒక్క తెలుగు హ్యాష్‌ట్యాగ్‌కే ఇంగ్లిషు పోస్టంతా మారిపోకుండా, కనీసం 20 తెలుగు కోడ్ పాయింట్లు ఉంటేనే గుర్తు పెట్టండి.

చాలామంది పాడుచేసేది కొలతల దగ్గర. మామూలుగా పోస్టు అక్షరం 15 పిక్సెళ్లు, లైను ఎత్తు 22. ఇంగ్లిషుకది చాలు. తెలుగులో పై లైను వత్తు వచ్చి కింది లైను గుడి మీద కూర్చుంటుంది. అక్షరం 17, లైను 30 పెట్టండి. 28, 32 ఎందుకు కాదంటే, పొడుగు పోస్టును మడిచేటప్పుడు మాస్టడాన్ 330 పిక్సెళ్ల దగ్గర కోస్తుంది, అంటే 22 చొప్పున 15 లైన్లు. 30 అయితే సరిగ్గా 11 లైన్లు. 28 పెడితే పన్నెండో లైను అడుగున తెగుతుంది, 32 పెడితే పదకొండో లైను పైభాగం మాత్రం వేలాడుతుంది. పేరాల మధ్య ఖాళీ కూడా 30 చేస్తేనే ఈ లెక్క కుదురుతుంది.

పేర్లది ఇంకో గొడవ. డిస్‌ప్లే-నేమ్ పెట్టెలో బయటికి పొడుచుకొచ్చిందల్లా దాగిపోతుంది, కాబట్టి 'లక్ష్మి'లో క్ష కింది మ వత్తు అడుగున తెగుతుంది. అక్కడ లైను ఎత్తు 1.6 చేసి, కింద 2 పిక్సెళ్ల ప్యాడింగ్ ఇవ్వండి.

గూగుల్ ఫాంట్స్ లింకు పెట్టి లాభం లేదు, సైటు భద్రతా నియమాలు బయటి ఫాంటును రానివ్వవు. నోటో సాన్స్ తెలుగును కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకుని, స్టైల్లో దాని పేరు రాయండి.

స్క్రిప్టు ఏ సైట్లలో నడవాలో చెప్పే మ్యాచ్ లైనులో మీ ఖాతా ఉన్న సర్వరు ఒక్కటే ఉండాలి. వేరే సర్వర్ల పోస్టులూ మీ సర్వరు పేజీలోకే వస్తాయి కాబట్టి అది చాలు. అన్ని సైట్లకూ వర్తించేలా రాసిన స్క్రిప్టులు జనం కళ్లు మూసుకుని ఎక్కించుకుంటారు, అది చూస్తే ఒళ్లు మండుతుంది. లాగిన్ అయిన మాస్టడాన్ పేజీలో ఇనీషియల్-స్టేట్ అనే ముక్క లోపల మీ యాక్సెస్ టోకెన్ (ఖాతాకు తాళంచెవి లాంటిది) ఉంటుంది. పేజీలో నడిచే ఏ స్క్రిప్టయినా దాన్ని చదివి, మీ పేరుతో పోస్టులు పెట్టగలదు. ఎవరిదో స్క్రిప్టు తెచ్చుకున్నా, ముందు అందులో ఇనీషియల్-స్టేట్ అనే మాట ఉందేమో వెతకండి.

క్రోమ్‌లో వయొలెంట్‌మంకీ లాంటిదే అయిన టాంపర్‌మంకీ వాడితే, ఎక్స్‌టెన్షన్ వివరాల్లో 'అలో యూజర్ స్క్రిప్ట్స్' మీట వేయాలి. పాత వెర్షన్లలో అయితే డెవలపర్ మోడ్. అది వేయకపోతే స్క్రిప్టు అసలు నడవదు.