డాక్టర్ సలహా: అమెరికా ఆరోగ్య మంత్రే వద్దంటున్నారట, మనవడికి తట్టు టీకా వేయించమంటారా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి పురిటికి వచ్చి ఇక్కడే ఉంది. బాబుకి తొమ్మిది నెలలు నిండాయి. అల్లుడు గారిది డాలస్‌లో ఉద్యోగం. వచ్చే వేసవిలో తల్లీబిడ్డలు అక్కడికి వెళ్లాలి. మొన్న ఏఎన్‌ఎం అమ్మాయి ఇంటికొచ్చి బుధవారం తట్టు-రుబెల్లా సూది వేయించమని చెప్పి వెళ్లింది. అల్లుడు గారేమో కెనడీ అనే ఆయన వీడియోలు పంపి, ఇప్పుడే వద్దంటున్నారు. టీకాల్లో పాదరసం ఉందని, ఆటిజం వస్తుందని, మన దేశంలో పోలియో చుక్కల వల్ల 4,90,000 మంది పిల్లలకు కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయని అందులో ఉంది. ఆ కుటుంబం పేరు నా చిన్నప్పటి నుంచీ వింటున్నదే. అంతటి ఇంటివాడు, పైగా ఆరోగ్య మంత్రి, ఊరికే అంటాడా? బాబుకి మూడున్నర నెలలప్పుడు సూది వేయిస్తే ఆ రాత్రంతా ఒళ్లు కాలిపోయింది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
ఒక అమ్మమ్మ, కోనసీమ

జవాబు: అమ్మా, బుధవారం వేయించేయండి. జలుబు, కాస్త దగ్గు ఉన్నా ఫరవాలేదు. జ్వరం బాగా ఉంటే మాత్రం తగ్గాక, శనివారమో మరుసటి బుధవారమో వెళ్లండి. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. మిగతాదంతా అల్లుడు గారి కోసం రాస్తున్నాను, ఆయనకు పంపండి. ఆయన్ని తప్పుపట్టడం లేదు. బిడ్డను ఇంకా ఎత్తుకోని తండ్రికి, చేతిలో ఫోను తప్ప ఏమీ లేనప్పుడు, భయం రెట్టింపుగానే ఉంటుంది.

వీడియోలో ఉన్నది రాబర్ట్ ఎఫ్. కెనడీ జూనియర్. మీరు చిన్నప్పుడు విన్న పేరు ఆయన పెదనాన్నది, 1963లో హత్యకు గురైన అధ్యక్షుడు జాన్ కెనడీ. తండ్రి రాబర్ట్ కెనడీని కూడా 1968లో, అధ్యక్ష పదవికి ప్రచారం చేసుకుంటుండగానే కాల్చి చంపారు. అలాంటి ఇంటిపేరు చెవిన పడితే గౌరవం కలుగుతుంది. తాతను చూసి మనవడికి ఓటేసే ఊళ్లు మన దగ్గరా ఉన్నాయి కదా. కానీ ఈయన డాక్టరు కాదు, లాయరు. హడ్సన్ నదిని పాడుచేస్తున్నవాళ్ల మీద కేసులు నడిపి మంచి పేరు తెచ్చుకున్నారు. రొయ్యల చెరువుల మురుగు కాలువల్లో కలుస్తోందని రోజూ గోల పెట్టే మనం ఆ పనిని మెచ్చుకోవాల్సిందే. బొగ్గు కరెంటు ప్లాంట్ల నుంచి నీళ్లలోకి, అక్కణ్నుంచి చేపల్లోకి చేరే పాదరసం గురించి ఆయన చెప్పినదీ నిజమే.

తేడా వచ్చింది ఆ పాదరసాన్ని టీకాలకు అంటగట్టిన దగ్గర. 2005లో దాని మీద ఆయన రాసిన పెద్ద వ్యాసంలో తప్పుల మీద తప్పులు బయటపడ్డాయి. వేసిన పత్రికల్లో ఒకటైన సలోన్ 2011లో దాన్ని పూర్తిగా తీసేసింది. ఆయన మాత్రం ఆ వాదన వదల్లేదు. టీకాల మీద అనుమానాలు ప్రచారం చేసే సంస్థను ఏళ్ల తరబడి నడిపారు. 2025 ఫిబ్రవరిలో అక్కడి పార్లమెంటు ఎగువ సభ సెనేట్‌లో 52-48 ఓట్లతో గట్టెక్కి ఆరోగ్య మంత్రి అయ్యారు.

ఇంటిపేరు సంగతి వచ్చింది కాబట్టి ఆ ఇంట్లోవాళ్లు ఏమన్నారో కూడా వినండి. అమెరికాలో పిల్లల టీకాలకు కేంద్రం డబ్బు ఇచ్చే చట్టం మీద 1962లో సంతకం పెట్టింది ఆ పెదనాన్నే. 2019లో సొంత అక్క, అన్న, మేనకోడలు కలిసి, టీకాల విషయంలో మావాడు చెప్పేది తప్పు, అపాయం అని పత్రికలో రాశారు. 2025 జనవరిలో జాన్ కెనడీ కూతురు కెరొలైన్, అంటే మన వరసలో ఈయనకు చెల్లెలు, సెనేటర్లకు ఉత్తరం రాశారు. తన పిల్లలకు టీకాలు వేయించుకుని పక్కవాళ్ల పిల్లలకు వద్దంటాడని అందులో దుయ్యబట్టారు. తన పిల్లలందరికీ టీకాలు వేయించానని సెనేట్ విచారణలో ఆయనే ఒప్పుకున్నారు. అల్లుడు గారికి ఈ ఒక్క ముక్క చెప్పినా చాలు అనిపిస్తుంది నాకు.

ఇక పాదరసం. బుధవారం బాబుకి వేసే తట్టు-రుబెల్లా టీకాలో పాదరసం లేనే లేదు. ఎప్పుడూ లేదు. బతికున్న, బలహీనపరిచిన వైరస్‌తో చేసే టీకా అది, పాదరసం ఉన్న మందు కలిపితే టీకాయే పనికిరాదు. మూడున్నర నెలలప్పుడు వేసిన, ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే పెంటావాలెంట్ టీకా సీసాలో, ఒకే సీసా నుంచి చాలామంది పిల్లలకు తీస్తారు కాబట్టి, క్రిములు చేరకుండా థయోమెర్సాల్ అనే మందు చిటికెడు కూడా కాదు, లేశమాత్రం కలుపుతారు. అందులో ఉండేది ఇథైల్ పాదరసం, శరీరం త్వరగానే బయటికి పంపేస్తుంది. పెద్ద సముద్రపు చేపల్లో పేరుకునేది మిథైల్ పాదరసం, అది ఒంట్లో చాలాకాలం నిలిచిపోయే రకం. ఈ రెంటినీ ఒకటి చేసి మాట్లాడటమే వీడియోలో జరిగిన మోసం. అమెరికాలో 2001 నాటికే పిల్లల మామూలు టీకాల్లోంచి థయోమెర్సాల్ తీసేశారు. ఆటిజం లెక్కలు తగ్గలేదు, పెరుగుతూనే వచ్చాయి.

ఆటిజం భయం మొదలైంది 1998లో, బ్రిటన్ డాక్టర్ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లల మీద రాసిన పేపర్‌తో. అందులో వివరాలు మార్చినట్టు తేలింది. దాన్ని ప్రచురించిన వైద్య పత్రిక లాన్సెట్ 2010లో ఉపసంహరించింది, ఆయన డాక్టరు లైసెన్సూ పోయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, టీకా వేసుకున్నవాళ్లకూ వేసుకోనివాళ్లకూ తేడా కనిపించలేదు. మాట ఆలస్యం కావడం, పిలిస్తే పలకకపోవడం లాంటివి ఏడాది, ఏడాదిన్నర వయసులోనే తల్లిదండ్రుల కంట పడతాయి. సూదులు వేసే వయసూ అదే. కాకి వాలిందని తాటిపండు రాలిందనుకోవడం లాంటిది ఇది. టీకాలకూ ఆటిజానికీ సంబంధం లేదన్న మాటను అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే మార్చారు కదా అని అల్లుడు గారు అడగొచ్చు. నిజమే, 2025 నవంబరులో మార్చారు. మారింది కుర్చీలో మనిషి. కొత్త పరిశోధన ఏదీ వచ్చి మార్పించలేదు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం మాత్రం పాత మాట మీదే నిలబడి ఉంది.

పోలియో అంకె దగ్గర కాస్త ఆగాలి, అది మన దేశం మీద వేసిన నింద. 2020లో కెనడీ ఆ 4,90,000 అంకెను సోషల్ మీడియాలో పెట్టారు. అది ఎలా పుట్టిందో చెబుతాను. పోలియోను పట్టుకోవడానికి మన దేశంలో ఒక నియమం పెట్టారు. పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఎవరికైనా చెయ్యో కాలో హఠాత్తుగా చచ్చుబడితే, కారణం ఏదైనా సరే, డాక్టరు రిపోర్ట్ చేయాలి. రెండువారాల్లోగా రెండుసార్లు మలం శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపాలి. నేనూ పంపాను, గోదావరి జిల్లాల్లో పిల్లల వైద్యం చేసే ఎవరిని అడిగినా పంపామనే చెబుతారు. వాటిలో పోలియో తేలనివి ఎన్నో. కొందరికి నరాల వాపు, గిలెయిన్-బారీ అంటాం. కొందరికి వెన్నుపాము వాపు, కొందరికి పిరుదులో సూది తప్పుగా పొడిచి నరం దెబ్బతినడం. చాలామంది కోలుకుంటారు. ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే. పాతరోజుల్లో లెక్కలోకి రాలేదు, వెతకడం మొదలుపెట్టాక బయటపడ్డాయి. ఇన్ని ఉంటాయని అంచనా వేసినదానికన్నా ఎక్కువ తేలిన కేసులన్నిటినీ కూడి, చుక్కల వల్లే అని రాసేశారు. నిఘా పెరిగితే కేసుల సంఖ్య పెరుగుతుందన్న చిన్న సంగతిని పక్కన పెట్టేశారు.

చుక్కల మందుతో అసలు ప్రమాదమే లేదని నేను అనను. లక్షల డోసుల్లో ఎప్పుడో ఒకసారి ఆ మందులోని వైరస్సే పక్షవాతం తేవచ్చు. అందుకే 2015 చివర్లో ఇంజెక్షన్ పోలియో టీకా మొదలుపెట్టారు, 2016 ఏప్రిల్‌లో చుక్కల్లోంచి రెండో రకం వైరస్‌ను తీసేశారు. మన దేశంలో ఆఖరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లో. మీ వయసువాళ్లకి ప్రతి ఊళ్లో కాలు ఈడ్చుకుంటూ నడిచే ఒకరిద్దరు గుర్తుంటారు. మీ అమ్మాయి ఈడువాళ్లలో ఎంతమంది కనిపిస్తారో చూడండి.

2020లో కెనడీ పెట్టిన ఆ పోస్టులోనే, మన దేశంలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన అమ్మాయిల ప్రస్తావనా ఉంది. ఆ ప్రాజెక్టు 2009లో ఒకవైపు గుజరాత్‌లో, మరోవైపు మన గోదావరి ఎగువన, అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం వైపు జరిగింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించడం ఘోరమైన తప్పు. పార్లమెంటు కమిటీ 2013లో గట్టిగానే చీవాట్లు పెట్టింది, పెట్టాల్సిందే. గిరిజన పిల్లల తల్లిదండ్రులను అంత తేలిగ్గా తీసుకున్నందుకు నాకు ఇప్పటికీ కోపమే. ఆ కోపం ఆ పని చేసినవాళ్ల మీద ఉండాలి, సీసాలోని మందు మీద కాదు.

సమోవాలో సరిగ్గా ఇదే తారుమారైంది. పసిఫిక్‌లో రెండు లక్షల జనాభా ఉన్న ద్వీపదేశం అది, మన కోనసీమలో రెండు మూడు మండలాలంత. 2018 జులైలో అక్కడ తట్టు టీకా వేసిన కొద్ది నిమిషాల్లోనే ఇద్దరు ఏడాది పిల్లలు చనిపోయారు. టీకా పొడిని శుద్ధ జలంతో కలపాల్సింది పోయి, గడువు దాటిన, కండరాలను సడలించే మందుతో కలిపారు. నర్సులు నేరం ఒప్పుకున్నారు, జైలుకు వెళ్లారు. ఈలోగా ప్రభుత్వం నెలల తరబడి టీకాలే ఆపేసింది, జనంలో నమ్మకం పోయింది. 2019 జూన్‌లో కెనడీ అక్కడికి వెళ్లి టీకా వ్యతిరేకులను కలిశారు. ఆ ఏడాది చివరికి తట్టు పాకింది. 83 మంది చనిపోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపు పసివాళ్లు. చివరికి ప్రభుత్వం రోడ్లు బంద్ చేసి, టీకా వేసుకోనివాళ్లున్న ఇళ్లముందు ఎర్రగుడ్డ కట్టమని, ఇంటింటికీ నర్సులను పంపింది. దానికంతటికీ కెనడీ ఒక్కరే కారణమని నేను అనను, ఆయన కూడా తనకేం సంబంధం లేదంటారు. కానీ పిల్లలు చనిపోతున్న రోజుల్లో, టీకాలోనే లోపం ఉందేమో అని ఆ దేశ ప్రధానికి ఆయన ఉత్తరం రాశారు.

కాబట్టి అల్లుడు గారి అనుమానం పూర్తిగా పనికిమాలినది కాదు, దాన్ని సెంటర్ దగ్గర వాడుకోండి. బుధవారం వెళ్లినప్పుడు సీసా తెరవకముందు చూపించమనండి. దాని మీద చిన్న గుండ్రం, లోపల చదరం ఉంటాయి. చదరం గుండ్రం కన్నా లేతగా ఉంటే వేడి తగలకుండా, చల్లగా ఉంచినట్టు లెక్క. గడువు తేదీ చూడండి. టీకాతోపాటు వచ్చిన ద్రవంతోనే కలుపుతున్నారా, ఎప్పుడు కలిపారో టైమ్ రాశారా అని అడగండి. కలిపిన నాలుగు గంటలు దాటితే ఆ సీసా పారేయాలి. కొత్త సిరంజి కవరు మీ ఎదురుగానే చింపాలి. అడిగితే మన ఏఎన్‌ఎంలు నొచ్చుకోరు. వరదల్లో ఐస్ బాక్సు నెత్తిన పెట్టుకుని పడవెక్కి లంకల్లోకి వెళ్లి టీకాలు వేసొచ్చేవాళ్లు, మందు చెడకుండా చూడటం వాళ్లకి పంతం. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి. బాబుకి అదే రోజు న్యుమోనియా టీకా బూస్టర్, పోలియో సూది, విటమిన్ ఎ మందు కూడా ఉంటాయి, కంగారుపడకండి.

విటమిన్ ఎ అంటే గుర్తొచ్చింది. 2025లో టెక్సాస్‌లో తట్టు పాకినప్పుడు కెనడీ విటమిన్ ఎ, కాడ్ లివర్ ఆయిల్ గురించి తెగ చెప్పారు. తట్టు వచ్చిన పిల్లలకు మేమూ విటమిన్ ఎ ఇస్తాం, కళ్లు పోకుండా కాపాడుతుంది. కానీ అది రోగం రాకుండా ఆపదు. ఇష్టమొచ్చినట్టు పోస్తే కాలేయం దెబ్బతింటుంది, అక్కడ కొందరు పిల్లలకు అలాగే జరిగింది. టీకా వేయించుకోని ఇద్దరు పిల్లలు ఆ టెక్సాస్‌లోనే చనిపోయారు. రెండో పాప అంత్యక్రియలకు వెళ్లొచ్చిన రోజు, 2025 ఏప్రిల్ 6న, తట్టు పాకకుండా ఆపడానికి అన్నిటికన్నా బాగా పనిచేసేది టీకాయేనని కెనడీ స్వయంగా పోస్టు పెట్టారు. ఆ ఏడాది అమెరికాలో తట్టు కేసులు 1992 తర్వాత ఎన్నడూ లేనన్ని నమోదయ్యాయి. మీ మనవడు వెళ్లేది ఆ రాష్ట్రానికే.

మూడున్నర నెలలప్పటి జ్వరం సంగతి. పెంటావాలెంట్‌లో కోరింత దగ్గు భాగం వల్ల ఆ రోజో మర్నాడో ఒళ్లు కాలుతుంది, రెండురోజుల్లో తగ్గుతుంది. తట్టు టీకా అలా కాదు. వేసిన వారం నుంచి పన్నెండు రోజుల మధ్య కొందరికి జ్వరం, పలచగా ఎర్రటి దద్దుర్లు వస్తాయి. అది అమ్మవారు పోయడం కాదు, ఇంకొకరికి అంటుకోదు. బరువును బట్టి పారాసెటమాల్ చుక్కలు వేయండి, తల్లిపాలు ఆపకండి. జ్వరం ఎక్కువై ఫిట్స్ రావడం మూడు నాలుగు వేల మందిలో ఒకరికి జరగొచ్చు. చూడటానికి భయం వేస్తుంది గానీ మెదడుకు హాని చేయదు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఇంతకుముందు ఏదైనా టీకాకి మొహం వాచి ఊపిరాడకపోవడం జరిగినా, బాబుకి రోగనిరోధక శక్తి లోపించిన జబ్బు ఉన్నా మాత్రం వేయించేముందు నాకో, మీ డాక్టరుకో చూపించండి.

అమెరికా ప్రయాణానికి ఒక మెలిక ఉంది. ఏడాది నిండకముందు వేసిన తట్టు టీకాను అక్కడ లెక్కలోకి తీసుకోరు. అలాగని ఇప్పటిది వృథా కాదు, దారిలో, విమానంలో, దిగిన తొలి నెలల్లో బాబుని కాపాడేది అదే. మొదటి పుట్టినరోజు దాటాక ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే టీకా) మళ్లీ రెండు డోసులు పడాలి. వేసవికి వెళ్లేనాటికి ఏడాది నిండితే మొదటిది ఇక్కడే వేయించుకోవచ్చు, బుధవారం డోసుకీ దానికీ కనీసం నాలుగు వారాలు తేడా ఉండాలి. తల్లీబిడ్డల కార్డు మీద ప్రతి సూదికీ తేదీ, బ్యాచ్ నంబరు ఇంగ్లిషులో రాయించి, ఫొటో తీసి అల్లుడు గారికి ఇప్పుడే పంపేయండి.

పిల్లల వైద్యుడు, అమలాపురం